నాన్న కొట్టు బాకీలు: పాత డీబీఎఫ్ ఫైలు తెరిచిన వైనం

తెనాలిలో నాన్న ఎరువుల కొట్టు మూసేసి చాలా ఏళ్లైంది. మొన్న అటక దులుపుతుంటే రబ్బరు బ్యాండు చుట్టిన మూడు ఫ్లాపీలు దొరికాయి. ఒకదాని మీద నాన్న చేతిరాత: "బాకీలు 98". "ఇందులో ఏముందో చూడవే" అని నా చేతిలో పెట్టారు.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు అడిగి తెచ్చుకున్నాను. రెండు ఫ్లాపీలు చదవనే లేదు. మూడోదాంట్లో ఖాతా అనే ఒకే పేరుతో మూడు ఫైళ్లున్నాయి: డీబీఎఫ్, ఎఫ్‌పీటీ, సీడీఎక్స్. ఇది ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాం సామాను. డీబీఎఫ్‌లో అసలు పట్టిక, ఎఫ్‌పీటీలో మెమో అనే పొడుగు నోట్స్ ఉంటాయి. సీడీఎక్స్ ఇండెక్సు, చదవడానికి దాంతో పనిలేదు. మొదటి రెంటినీ మాత్రం విడదీయకండి. నేను కాపీ చేస్తూ డీబీఎఫ్ పేరొక్కటే మార్చాను. తర్వాత పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తెరవబోతే, మెమో ఫైలు కనబడట్లేదని మొరాయించింది. అరగంట తల పట్టుకున్నాక తెలిసింది, రెండిటికీ ఒకే పేరుండాలని.

తెరిచే ముందు ఏదైనా హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్లోని బైట్లని హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా లెక్కించే అంకెల్లో చూపించే ప్రోగ్రాం) మొదటి ఎనిమిది బైట్లు చూడండి. నాకు ఇలా కనిపించాయి: ఎఫ్5 62 04 0బి 84 05 00 00. మొదటిది ఫైలు రకం. ఎఫ్5 అంటే మెమో ఉన్న ఫాక్స్‌ప్రో. 03 ఉంటే మెమో లేని మామూలు డీబేస్ (ఇలాంటిదే ఇంకో పాత ప్రోగ్రాం), 83 ఉంటే మెమో ఉన్న డీబేస్, 30 ఉంటే విజువల్ ఫాక్స్‌ప్రో. తర్వాతి మూడూ చివరిసారి రాసిన తేదీ: హెక్స్‌లో 62 అంటే 98, కాబట్టి 1998 ఏప్రిల్ 11. చివరి నాలుగూ వరుసల సంఖ్య, వెనక నుంచి చదవాలి: హెక్స్‌లో 0584, అంటే 1,412. ఈ అంకె కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇప్పుడు లిబ్రెఆఫీస్ కాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంలో తెరవండి. క్యారెక్టర్ సెట్, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక, ఏదని అడుగుతుంది. డాస్ కాలం ఫైలైతే డాస్ 437 ఎంచుకోండి. మా గుమాస్తా తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు కాబట్టి నాకు గొడవ లేకపోయింది. జిస్ట్ కార్డు (పాత కంప్యూటర్లలో భారతీయ భాషల కోసం పెట్టే కార్డు) పెట్టి తెలుగులోనే ఎక్కించిన ఫైలైతే అది ఇస్కీ కోడ్, అంటే యూనికోడ్‌కి ముందు భారతీయ లిపులకి వాడిన కోడ్. ఏ సెట్ ఎంచుకున్నా పిచ్చి గీతలే వస్తాయి. దాన్ని విండోస్ కోడ్ పేజీ 57005 ద్వారా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

షీటులో 1,351 వరుసలే వచ్చాయి. మిగతా 61 ఏమయ్యాయి? ఫాక్స్‌ప్రోలో డిలీట్ కొడితే వరుస పోదు, దాని ముందు ఒక నక్షత్రం గుర్తు (*) పడుతుందంతే. ప్యాక్ అనే కమాండ్ ఇస్తేనే నిజంగా పోతుంది. మా గుమాస్తా ప్యాక్ చేసినట్టు లేదు, పుణ్యాత్ముడు.

వాటి కోసం పైథాన్‌లో డీబీఎఫ్‌రీడ్ అనే లైబ్రరీని పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు దింపే కమాండ్) వేసుకున్నాను. టేబుల్ మీద లూప్ తిప్పితే మామూలు వరుసలు, అదే టేబుల్‌లోని డిలీటెడ్ మీద తిప్పితే కొట్టేసినవి వస్తాయి. రెండిటినీ వేర్వేరు సీఎస్‌వీలుగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైళ్లు) రాసుకోండి. కలిపేస్తే తీరిన బాకీ ఏదో, ఉన్న బాకీ ఏదో తెలియక చస్తాం.

సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి మాత్రం తెరవకండి. ఖాతా నంబరు 0047 కాస్తా 47 అయి కూర్చుంటుంది. డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి, ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పాలి. పాత డీబీఎఫ్‌ని ఎక్సెల్ చదువుతుంది కానీ, 2007 వెర్షన్ నుంచి ఆ ఫార్మాట్‌లో సేవ్ చెయ్యదు.

కొట్టేసిన 61లో ఒకదాని మెమో ఇది: "కూతురి పెళ్లి. ఇక అడగొద్దు." మిగతావాటిల్లోనూ ఇంచుమించు ఇలాంటివే. నాన్నకి చదివి వినిపించాను. ఉన్న బాకీల షీటు ప్రింటు తీసిమ్మన్నారు, పేర్లు చూసుకుంటారట. ఆ 61 కూడా తియ్యనా అంటే, "అవెందుకే, కొట్టేశాంగా" అన్నారు.