సొంత స్ట్రీమింగ్ సర్వర్ – 4వ పాఠం: వీఎల్‌సీలో వచ్చే వీడియో పేజీలో ఎందుకు రాదు?

గత పాఠంలో ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ నుంచి హెచ్‌ఎల్‌ఎస్ (వీడియోను చిన్న ముక్కలుగా పంపే పద్ధతి) ఫైళ్లు పంపడం వరకు వచ్చాం. ఆ లింకును వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో పెడితే వీడియో చక్కగా వస్తుంది. వెబ్ పేజీలోని ప్లేయర్‌కు ఇస్తే నల్లటి తెర. సర్వర్ లాగులో మాత్రం 200 (అంతా సవ్యం) అనే ఉంటుంది. ఫైలు వెళ్లింది, బ్రౌజరే దాన్ని పేజీ స్క్రిప్టు చేతికి ఇవ్వలేదు. వీఎల్‌సీకి ఈ పట్టింపు లేదు.

ప్రోటోకాల్, హోస్టు పేరు, పోర్టు మూడూ కలిస్తే ఆరిజిన్. డొమైన్ ఒకటే అయినా పేజీ 443లో, వీడియో 8443లో ఉంటే బ్రౌజర్ లెక్కలో అవి వేర్వేరు. వేరే ఆరిజిన్ నుంచి వచ్చిన ఫైలును, సర్వర్ అనుమతి ఇస్తేనే బ్రౌజర్ స్క్రిప్టుకు అందిస్తుంది; ఈ ఏర్పాటునే కోర్స్ (CORS) అంటారు. పేజీలో హెచ్‌ఎల్‌ఎస్ ఆడించే జావాస్క్రిప్ట్ లైబ్రరీ హెచ్‌ఎల్‌ఎస్.జేఎస్ ప్లేలిస్టునూ (ముక్కల జాబితా) సెగ్మెంట్లనూ (ఆ ముక్కలు) స్క్రిప్టుతో తెప్పిస్తుంది కాబట్టి సర్వర్ ప్రతి జవాబులో యాక్సెస్-కంట్రోల్-అలో-ఆరిజిన్ అనే అనుమతి హెడర్ (జవాబుతో పాటు వెళ్లే సమాచారపు వరుస) పెట్టాలి. ఐఫోన్ సఫారీలో అది లేకున్నా వీడియో రావచ్చు, అక్కడ ప్లేలిస్టును వీడియో ట్యాగే నేరుగా చదవగలదు. అది చూసి సంబరపడకండి.

ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఇందుకు యాడ్_హెడర్ అనే ఆదేశం ఉంది. అసలు చిక్కూ అక్కడే. సర్వర్ బ్లాకులో ఒకసారి రాస్తే కింది లొకేషన్లకు (ఒక్కో యూఆర్‌ఎల్ దారికి రాసే బ్లాకులు) వర్తిస్తుంది, కానీ మామూలుగా ఆ లొకేషన్‌లో మరో యాడ్_హెడర్ లేనంత వరకే. ప్లేలిస్టు పాతబడకూడదని దాని లొకేషన్‌లో క్యాష్-కంట్రోల్ ఒక్కటి చేర్చారా, పైనుంచి రావలసినవన్నీ పోయినట్లే. కాన్ఫిగ్ పరీక్ష కూడా కిమ్మనదు. అందుకే హెడర్‌ను చిన్న ఫైలులో రాసి ప్రతి లొకేషన్‌లోనూ ఇంక్లూడ్ చేయండి. ఆ యాడ్_హెడర్ వరుస చివర ఆల్వేస్ ఉండాలి. లేకపోతే 403 (అనుమతి లేదు), 404 (ఫైలు లేదు) జవాబులకు హెడర్ అంటదు. ఫైలు లేకపోవడమే కోర్స్ లోపంలా కనబడి గంటలు తినేస్తుంది.

అందరూ చూడదగ్గ వీడియోకు విలువగా నక్షత్రం గుర్తు చాలు. కుకీలతో లాగిన్ అడిగితే అది చెల్లదు: ఆరిజిన్ పూర్తిగా రాసి, యాక్సెస్-కంట్రోల్-అలో-క్రెడెన్షియల్స్‌కు ట్రూ ఇవ్వాలి. ఆరిజిన్లు రెండు మూడు ఉంటే ఎన్‌జిన్‌ఎక్స్ మ్యాప్ బ్లాకులో జాబితా పెట్టి, సరిపోయినదాన్నే తిరిగి పంపండి; వేరీ హెడర్‌లో ఆరిజిన్ కూడా చేర్చండి, లేదంటే మధ్యలోని క్యాష్ ఒకరి జవాబు మరొకరికి ఇస్తుంది. జాబితా చూడకుండా, ఎవరు అడిగితే వారి ఆరిజిన్‌నే తిరిగి పంపే కాన్ఫిగ్‌లు తెగ తిరుగుతున్నాయి. కుకీలున్న చోట అది తలుపు తీసి కాపలా కూర్చున్నట్లే.

అభ్యాసం: ఆరిజిన్ హెడర్ జోడించి, కమాండ్ లైన్ సాధనం కర్ల్‌తో ప్లేలిస్టునూ, ఒక సెగ్మెంటునూ, అసలు లేని ఫైలునూ అడగండి. మూడింటి జవాబుల్లోనూ అనుమతి హెడర్ ఒక్కసారే కనబడాలి. రెండుసార్లు వస్తే వెనక ఉన్న సర్వర్ కూడా పెడుతోందన్నమాట, బ్రౌజర్ ఒప్పుకోదు. ప్రాక్సీ_హైడ్_హెడర్‌తో దాన్ని తీసేయండి. ఎన్‌క్రిప్షన్ కీ వేరే సర్వర్‌లో ఉంటే అక్కడా ఇదే పరీక్ష.

ఆథరైజేషన్ హెడర్‌లో టోకెన్ పంపితే బ్రౌజర్ ముందుగా అనుమతి అడుగుతూ ఆప్షన్స్ అనే అభ్యర్థన పంపుతుంది. దాని సంగతి 5వ పాఠంలో.