పాత ఇంగ్లిష్ 12 బోరు తుపాకీకి ఏ తూటా వేయాలి?

తూటా లోపలికి పట్టింది కదా, పేలుతుంది కదా అనుకోవద్దు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

వందేళ్ల నాటి బ్రిటిష్ జోడు గొట్టాల తుపాకుల్లో చాలావాటి చాంబర్, అంటే తూటా కూర్చునే గది, రెండున్నర అంగుళాలు. తూటాల డబ్బాల మీద దీన్ని 65 మిల్లీమీటర్లుగా రాస్తారు. ఇప్పటి మామూలు తూటా 70. ఆ కొలత పేలి, మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. మడిచి ఉన్నప్పుడు 60కి అటూఇటూ ఉంటుంది కాబట్టి పొట్టి చాంబర్‌లోకి హాయిగా దూరిపోతుంది. పేలగానే మడత విప్పుకోవడానికి చోటు చాలక ముందున్న ఇరుకులోకి పొడుచుకెళ్తుంది, గుళ్ల దారి బిగుసుకుని పీడనం పెరుగుతుంది. అందుకే డబ్బా మీద 65 అని ఉన్నదే కొనండి. గుళ్ల బరువు 28 గ్రాములు దాటనివ్వకండి.

తూటా కొనేముందే గొట్టాలు విప్పి అడుగున ముద్రలు చూడండి. పొగలేని మందుకు పరీక్షించినట్టు నైట్రో ముద్ర లేకపోతే ఆధునిక తూటా వద్దు. ఇనుము, ఉక్కు పట్టీలు పెనవేసి అతికిన డమాస్కస్ గొట్టాలైతే మరీ జాగ్రత్త, తుప్పు అతుకుల లోపల దాక్కుంటుంది. ముద్ర ఉన్నా గోడల మందం గన్‌స్మిత్ చేత కొలిపించాల్సిందే.

ఉక్కు గుళ్లు అసలే వద్దు, గొట్టం మూతి దగ్గర సన్నబడే భాగాన్ని, అంటే చోక్‌ను, చెడగొడతాయి. సీసం నిషేధమున్న చోట బిస్మత్ లోహపు గుళ్లు వాడండి.

12 కంటే సన్నగా ఉండే 20 బోరు తూటాలు అదే జేబులో వేసుకోకండి. పొరపాటున ఒకటి జారి గొట్టంలో ఇరుక్కుంటే, వెనక 12 పెట్టి కాల్చగానే గొట్టం చీలుతుంది.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నిషిద్ధం. ఇంట్లో తాతల నాటి తుపాకీ ఉన్నవాళ్లకు లైసెన్సు తప్పనిసరి.