పార్కులో బజ్జీల బండి దగ్గర ప్లాస్టిక్ మాన్పించాలంటే

వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక ఓసారి లాకుల దగ్గరికి వెళ్లి చూడండి. ఎండిన గుర్రపుడెక్క వేళ్లలో ఇరుక్కుపోయి టీ కప్పులు, చట్నీ కవర్లు, పానీపూరీ గిన్నెలు కనిపిస్తాయి. కాలువగట్టు మీద పార్కు ఉన్న ఊళ్లో అయితే వాటిలో కొన్ని మనం సాయంత్రం పూట తిని పడేసినవే. మా కోనసీమ వాకింగ్ బ్యాచ్ దీని మీద చాలాకాలం కిందామీదా పడింది, చేసిన తప్పులతో సహా చెప్తాను.

మొదటి తప్పు ఫ్లెక్సీ. "ప్లాస్టిక్ వాడరాదు" అని గేటు దగ్గర పెద్దది కట్టాం, అదీ ప్లాస్టిక్కేనని కట్టాక గానీ వెలగలేదు. బజ్జీల బండాయన చదివి "ఆయ్, అలాగేనండి" అన్నాడు, మర్నాడు అదే కవర్లో అదే చట్నీ. ఆయన్ని అని లాభం లేదు, చట్నీ మరి దేంట్లో పోయాలో మేమెవరం చెప్పలేదు కదా.

అందుకని ముందు చెత్త చూడండి. ఆదివారం రాత్రి పార్కు మూసే వేళకి ఒక డబ్బా పాత దుప్పటి మీద బోర్లించి, గ్లవ్స్ వేసుకుని, ఏది ఏ బండి నుంచి వచ్చిందో విడివిడిగా కుప్పలు పెట్టండి. మేం అన్నాళ్లూ తిట్టుకున్న స్ట్రాలు గుప్పెడే వచ్చాయి, టీ కప్పులూ నీళ్ల సీసాలూ మాత్రం దుప్పటి అంచు దాటిపోయాయి.

రూల్ ఏంటో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే బండివాళ్లు అడిగిన రెండో ప్రశ్నకే నీళ్లు నములుతాం. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, ఐస్‌క్రీమ్ పుల్లలు అమ్మడమూ వాడడమూ నిషేధం. థర్మోకోల్ ప్లేట్లూ అంతే. క్యారీ బ్యాగు 120 మైక్రాన్ల కన్నా పల్చగా ఉండకూడదు, అది 2022 డిసెంబరు 31 నుంచి. నీళ్ల సీసా మాత్రం ఆ జాబితాలో లేదు, లోపల ప్లాస్టిక్ పొర ఉండే పేపరు కప్పు కూడా లేదు, అంటే మన దుప్పటి మీద ఎక్కువగా పడ్డవి రెండూ ఆ నిషేధం కిందికి రావు. గుడ్డ సంచిలా కనిపించే నాన్ వోవెన్ సంచి ఇంకో మాయ, కొస ముట్టించి చూడండి, గుడ్డయితే బూడిదవుతుంది, ఇది కరిగి నల్లటి బొట్టులా ముద్దకడుతుంది.

ఇక ఒక్కో బండికీ ఒక్కో దారి చూపించాలి. బజ్జీలకీ పునుగులకీ అరటాకు ముక్క చాలు, అరటితోటలకి పేరున్న రావులపాలెం చుట్టుపక్కల ఉండి ఆకు దొరకదంటే ఎవరూ నమ్మరు. పచ్చి ఆకు మడిస్తే చిరుగుతుంది కాబట్టి పొయ్యి సెగ మీద ఒక్కసారి అటూ ఇటూ తిప్పితే వాడి మెత్తబడుతుంది, పొయ్యి ఎలాగూ పక్కనే ఉంటుంది. చట్నీకి ఆకు దొన్నె. న్యూస్‌పేపరుకి మాత్రం మారనివ్వకండి, ఆ సిరా నూనెతో కలిసి కడుపులోకి పోతుంది. కొబ్బరిబొండాల దగ్గర స్ట్రా అడగడం నిజానికి మన కొత్త సోకు, ఎత్తి తాగేసి, బొండం చెక్కనే చెంచాగా చేసుకుని లేత కొబ్బరి గీరుకుని తినడం కోనసీమవాళ్లకి ఎవరైనా నేర్పాలా? అంబాజీపేటలో పొట్టిక్కలనే ఇడ్లీలు పనసాకు బుట్టలోనే ఉడికి, అందులోనే చేతికొస్తాయి. ఇడ్లీ బండికి అంతకన్నా ఉదాహరణ ఏం చూపిస్తాం?

టీ దగ్గరే అసలు పేచీ. స్టీలు గ్లాసు పెట్టమంటే "కడగడానికి నీళ్లేవండి?" అంటారు, ఆ ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉండాలి. బండ్లకి దగ్గర్లో ఒక కుళాయి, మురుగునీళ్లు పంటకాలవలోకి కాకుండా డ్రైనేజీకి పోయే గొట్టం, వేడినీళ్ల బకెట్టు, ఇవి ఉంటేనే గ్లాసులు నిలుస్తాయి. మేం కుళాయి రాకముందే గ్లాసులు కొనిచ్చాం. వారం తిరక్కుండా అవి బండి కింద గోనెసంచిలోకి చేరాయి. తాగునీటికి ఇరవై లీటర్ల టిన్ను, గ్లాసు పెట్టండి. కాకపోతే సీసా మీద బండివాడికి నాలుగు రూపాయలు మిగులుతాయి, ఆ లాభం పోతోంది కాబట్టి అద్దెలో కొంచెం తగ్గించమని వాళ్ల తరఫున మనమే మున్సిపాలిటీలో అడగాలి. ఇది అడగకుండా నీతులు చెప్తే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా.

ఇవన్నీ కాగితం మీదికి ఎక్కేది స్టాళ్ల వేలంపాటప్పుడే. లీజు మధ్యలో కొత్త షరతు పెడితే గొడవవుతుంది, అందుకని పాట ఎప్పుడో కనుక్కుని నెల ముందే కమిషనరుకి అర్జీ ఇవ్వండి. "ప్లాస్టిక్ వాడరాదు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు, పేపరు కప్పు, నీళ్ల సీసా, చట్నీ కవరు అని పేరుపేరునా రాయించాలి, మున్సిపాలిటీ కుళాయి ఇస్తుందనీ అందులోనే ఉండాలి, డిపాజిట్ ఎప్పుడు పోతుందో కూడా. పాట పాడేది ఒకరు, బండి తోలేది ఇంకొకరు, షరతులు ఇద్దరికీ చదివి వినిపించాలి. అన్ని బండ్లూ ఒకే రోజు మారాలి, లేకపోతే పార్సిల్ కవరు ఇచ్చే బండి దగ్గరికే జనం పోతారు. గేటు బయట రోడ్డు మీద బండ్లు లీజులో ఉండవు, వాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడుకోవడమే.

కార్తీకమాసంలో వనభోజనాలకి పార్కు అడిగేవాళ్ల దగ్గర డిపాజిట్ తీసుకుని, విస్తళ్లు, స్టీలు గ్లాసులైతేనే అనుమతి అని ముందే చెప్పండి. మొన్న ఒక బృందం బుద్ధిగా అడ్డాకు విస్తళ్లే తెచ్చింది, పాతికేసి చొప్పున పల్చటి ప్లాస్టిక్ కవర్లలో కట్టి మరీ. ఈసారి కట్టలు పురికొసతో కట్టించి తెమ్మని కూడా చెప్పాలి.