ఐరిష్, వెల్ష్, రష్యన్ పదాలను ఉపసర్గల ఆధారంగా విడదీసి చదవడం ఎలా?

అనంతపురం పేరును విడదీస్తే ముందుగా ‘అన్’, ‘అంత’ అనే ముక్కలు వస్తాయి; అంతం లేనిది అనంతం. వెల్ష్ భాషలో న్యాయమైనదాన్ని ‘తేగ్’ అనీ, అన్యాయమైనదాన్ని ‘అన్హేగ్’ అనీ అంటారు. ఈ రెండు ‘అన్’లూ ఒకే మూలం నుంచి వచ్చినవి. సంస్కృత వ్యాకరణం ఈ నిషేధార్థకాన్ని 22 ఉపసర్గల పట్టికలో చేర్చదు గాని, పదం ముందు నిలిచి అర్థాన్ని మార్చడమే ఇక్కడ ముఖ్యం కనుక దీనిని కూడా వాటితో కలిపే చూస్తున్నాను.

1786లో కలకత్తాలో న్యాయమూర్తి విలియం జోన్స్ సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో చుట్టరికం ఉందని చెబుతూ, ఐరిష్, వెల్ష్ చేరే కెల్టిక్ శాఖ కూడా ఆ కుటుంబానిదే కావచ్చునన్నాడు. తెలుగు ఆ కుటుంబానిది కాదని మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ 1816లో చూపించాడు. కాబట్టి మనకు సాయపడేవి అచ్చతెలుగు మాటలు కావు, వందల ఏళ్లుగా మనం వాడుతున్న తత్సమాలు, అంటే సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు.

ముందుగా ఒక పట్టిక తయారు చేసుకోండి. ఎడమవైపు ప్ర, ప్రతి, సమ్, సు, దుస్, ఉత్, అన్ అని రాసి, ఒక్కొక్కదాని ఎదుట మీకు బాగా తెలిసిన రెండేసి మాటలు పెట్టండి; ఆ పక్కన ఐరిష్, వెల్ష్, రష్యన్ పదాలకూ, వాటి ధాతువులకూ గడులు వదలండి. ఇందుకు మన చుట్టూ ఉన్న పేర్లే చాలు: శ్రీశైలం జలాశయంలో నీరు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరంలో ‘సమ్’ ఉంది. కడపలో ఉండేవారు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో నిఘంటువులు ముందు పెట్టుకుని ఈ పని చేసుకోవచ్చు.

తరువాత ధ్వనుల మార్పులు తెలుసుకోవాలి. పట్టికకు ప్రాణం ఇవే కనుక ఇక్కడ తొందరపడవద్దు. కెల్టిక్ భాషలలో పదాది పకారం పూర్తిగా లోపించింది. అందుకే సంస్కృతంలోని ‘ప్ర’కు ఐరిష్‌లో సరితూగేది ‘రో’. ‘మోర్’ అంటే పెద్దది, ‘రోవోర్’ అంటే మరీ పెద్దది. రష్యన్, చెక్ వంటి స్లావిక్ భాషలలో పకారం నిలిచింది గాని, సంస్కృతంలో అకారం ఉన్న అనేక చోట్ల ఒకారం కనిపిస్తుంది. ‘ప్ర’ రష్యన్‌లో ‘ప్రొ’ అవుతుంది. ‘ప్రతి’కి బంధువైన ‘ప్రొతివ్’ అంటే ఎదురుగా, విరుద్ధంగా అని అర్థం.

సు, దుస్ జంటను ఐరిష్‌లో చూసినప్పుడల్లా నాకు ఎంతో సంతోషం కలుగుతుంది. అక్కడ అవి ‘సొ’, ‘దొ’ రూపాలలో ఉన్నాయి: ‘సొన’ అంటే సంతోషంగా ఉన్నవాడు, ‘దొన’ అంటే చెడ్డది, ‘సొఖర్’ లాభం, ‘దొఖర్’ హాని, ‘సొలేర్’ స్పష్టం, ‘దొలేర్’ అస్పష్టం. వెల్ష్‌లో సకారం హకారమై, ‘సు’ కాస్తా ‘హ’ అని వినిపిస్తుంది. ప్రేమను తెలిపే ‘కార్’ ధాతువుకు ఇది చేరితే ‘హగార్’, అంటే ప్రేమించదగినవాడు. ఇక్కడ ‘క’ ‘గ’గా మారడం చూసి వేరే పదమని భ్రమపడకూడదు; మన వ్యాకరణంలో ద్రుతం మీది పరుషాలు సరళాలవుతాయని చదువుకున్నవారికి ఇది కొత్త కాదు. ఉపసర్గను తీసేసిన తరువాత మిగిలిన ముక్క నిఘంటువులో దొరకకపోతే, మొదటి అక్షరాన్ని తిరిగి పరుషం చేసి వెతకండి. ‘తేగ్’ విషయంలో మాత్రం ‘త’ అనునాసికంలో కలిసిపోయింది.

రష్యన్‌కు వస్తే ఒకే ధాతువును పట్టుకుని ఉపసర్గలను మార్చి చూడడం మేలైన పద్ధతి. ‘ఖోద్’ అంటే నడక. ‘వ్ఖోద్’ లోపలికి దారి, ‘వీఖద్’ బయటికి దారి, ‘పెరెఖోద్’ దాటే చోటు, ‘దొఖోద్’ రాబడి, ‘రస్ఖోద్’ ఖర్చు. చివరి రెండూ చూడండి: చేరవచ్చేది రాబడి, విడిపోయేది ఖర్చు. మన ఆయవ్యయాలు కూడా ‘ఇ’ అనే గమనార్థక ధాతువుకు ‘ఆ’, ‘వి’ చేరి ఏర్పడినవే. ఈ ఉపసర్గలకు పరస్పరం చుట్టరికం లేదు గాని ఆలోచన ఒక్కటే. పట్టికలో ఇటువంటివాటికి వేరే గడి కేటాయించండి.

క్రియలకు చేరినప్పుడు స్లావిక్ ఉపసర్గ మరొక పని కూడా చేస్తుంది: పని పూర్తయిందని చెబుతుంది. ‘పిసాత్’ రాస్తూ ఉండడం, ‘నపిసాత్’ రాసేయడం. తెలుగు ‘వేయు’ను చివర చేర్చి చెప్పేదాన్ని రష్యన్ మొదటే చెబుతుంది. ‘పెరెపిసాత్’ తిరిగి రాయడం, ‘పొద్‌పిసాత్’ కింద రాయడం, అంటే సంతకం చేయడం.

పోలికలను చూసి మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. ఐరిష్‌లో నిషేధార్థక ‘అన్’ ఒకటి, ‘చాలా’ అనే అర్థమిచ్చే ‘అన్’ మరొకటి. ‘అన్-వోర్’ అంటే చిన్నది కాదు, చాలా పెద్దది. రష్యన్ ‘దొ’ అంటే ‘వరకు’. ఐరిష్ చెడు ‘దొ’తో దానికి పని లేదు. ‘వీఖద్’లోని ‘వీ’ మన ‘వి’ కాదు, ‘ఉత్’కు బంధువు. చెక్ భాషలో దీని జోడైన ‘వీఖోద్’కు తూర్పు అనే అర్థం కూడా ఉంది, ‘ఉత్’ మీద గమనార్థక ధాతువు చేరి ‘ఉదయం’ అయినట్లే ఇదీ ఏర్పడింది.

‘సమ్’ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రష్యన్‌లో పొరుగువాడు ‘సొసేద్’, అంటే కలిసి కూర్చున్నవాడు. ఇందులో ఉపసర్గా, ధాతువూ రెండూ సంస్కృత ‘సంసద్’కు బంధువులే. జిల్లా పరిషత్తులో ఉన్న ధాతువు కూడా అదే. కానీ 1984లో రాకేశ్ శర్మ ప్రయాణించిన వ్యోమనౌక పేరు ‘సొయూజ్’ను చూసి ‘సంయోగం’ అని రాసుకుంటే తప్పవుతుంది. దాని రెండవ భాగానికి బంధం అని అర్థం, అది ‘యుజ్’ ధాతువుకు సంబంధించినది కాదు. అందువల్ల ఉపసర్గ కుదిరినంత మాత్రాన పదమంతటినీ పట్టికలోకి ఎక్కించకుండా, ధాతువు గడిని ఖాళీగా ఉంచి, వ్యుత్పత్తి నిఘంటువు చూసిన తరువాతనే నింపండి.