మోనే దీవి చిత్రాలను ప్రింట్ తీయడం: బండల నీడ ముద్దకాకుండా

ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1886 సెప్టెంబరులో ఫ్రాన్స్ పడమటి తీరానికి ఎదురుగా ఉన్న బెల్ ఈల్ దీవికి వెళ్ళి నవంబరు చివరిదాకా అక్కడే ఉండిపోయాడు. ఒక చిన్న పల్లెలో బస చేసి, పోర్ కోటన్, పోర్ గుల్ఫార్ దగ్గరి రాళ్ళ మీద ఎండలో, వానలో, ఈదురుగాలిలో సుమారు 40 కాన్వాసులు వేశాడు. మోనే అనగానే గుర్తొచ్చే తామరకొలను వెలుగు వీటిలో వెతికినా దొరకదు. ముదురు ఊదా, ముదురు పచ్చ, కాలిన గోధుమ రంగుల్లో బండలు, వాటి మధ్య పొట్టి పొట్టి గీతలతో ఉడుకుతున్నట్టుండే సముద్రం, అంతే. ప్రింట్‌లో ముందుగా పోయేది ఆ బండల నీడే. తెర మీద పది రంగులుగా కనిపించిన చోటు కాగితం మీదకి వచ్చేసరికి ఒకే తారుముద్ద అవుతుంది. అందుకే ఫైలు ఎంచుకున్నా, కాగితం కొన్నా, ఫ్రేమ్ కట్టించినా చూడాల్సింది ఒక్కటే: నీడలో ఊదాకీ పచ్చకీ మధ్య తేడా మిగిలిందా, లేదా?

ఫైలు, కొలత

మొదలుపెట్టడానికి షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న పోర్ గుల్ఫార్ బండల చిత్రం మంచిది. అసలు కాన్వాసు 66 × 81.8 సెం.మీ. మోనే 1926లోనే పోయాడు కాబట్టి చిత్రం మీద కాపీరైట్ లేదు. దాని ఫోటోని కూడా మ్యూజియం సీసీ0 కింద, అంటే ఏ హక్కులూ అట్టిపెట్టుకోకుండా, వదిలేసింది కాబట్టి అమ్మడానికి తీసే ప్రింట్‌కీ వాడుకోవచ్చు. పారిస్‌లోని ఓర్సే, మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలలోనూ బెల్ ఈల్ చిత్రాలున్నాయి. చిత్రానికి హక్కులు తీరిపోయినా ఫోటో ఇచ్చేవాళ్ళ షరతులు వేరుగా ఉంటాయి, అవి చదివాకే డౌన్‌లోడ్ చేయండి.

ఒకే చిత్రానికి నెట్‌లో ఐదారు ఫైళ్ళు దొరుకుతాయి. ఒకటి పసుపు తిరిగి, ఇంకొకటి ఎవరో నీలం పెంచేసి, మరొకటి అంచులు కోసేసి ఉంటుంది. మ్యూజియం సొంత పేజీలోదే తీసుకోండి. దాన్ని కూడా కొలత కట్టి చూడండి. ఈ చిత్రంలో వెడల్పుని ఎత్తుతో భాగిస్తే 1.24 రావాలి. రాలేదంటే ఏదో ఒక వైపు కోత పడిందని అర్థం.

ఎంత పెద్దగా తీయొచ్చో పిక్సెళ్ళే చెప్తాయి. పొడవు పిక్సెళ్ళని 200తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. కాగితాన్ని చేత్తో పట్టుకుని చూసే ప్రింట్‌కి అదే హద్దు. గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూసేదానికి 150 చాలు. 3000 పిక్సెళ్ళ ఫైలైతే 15 అంగుళాలు, అంటే 38 × 30.7 సెం.మీ. ఏ3 ప్లస్ కాగితం (48.3 × 32.9) మీద పైనా కిందా సెంటీమీటరు చొప్పున మిగిల్చి చక్కగా కూర్చుంటుంది. అసలు సైజు కావాలంటే 200 లెక్కన పొడవు వైపు 6440 పిక్సెళ్ళు కావాలి. పైగా 24 అంగుళాల రోల్ వెడల్పు 61 సెం.మీ.లే. చిత్రం ఎత్తే 66 కాబట్టి పట్టదు, 36 లేదా 44 అంగుళాల రోల్ ఉన్న మెషీన్‌కి వెళ్ళాలి. 80 శాతానికి తగ్గిస్తే 65.4 × 52.8 సెం.మీ. అవుతుంది. 24 అంగుళాల రోల్ మీద రెండువైపులా 4 సెం.మీ. తెల్ల అంచు మిగులుతుంది, ఫ్రేమ్ కట్టేవాడికి పట్టుకోవడానికి చోటుంటుంది. ఇంట్లో గోడకి ఈ సైజే నప్పుతుంది. ప్రింట్‌ని ఎవరూ అసలు చిత్రమని అంటగట్టకుండా కూడా ఉంటుంది.

ఫైలు చిన్నదైతే ఏఐ అప్‌స్కేలర్‌తో (లేని పిక్సెళ్ళని ఊహించి బొమ్మని పెంచే సాఫ్ట్‌వేర్) పెంచేద్దామని అనిపిస్తుంది. ఈ చిత్రాలకి మాత్రం వద్దు. మోనే సముద్రంలో వేసిన కామాల్లాంటి గీతల్ని ఆ సాఫ్ట్‌వేర్ గడ్డిపోచలనో మరకలనో అనుకుని తనకి తోచినట్టు కొత్తగా గీస్తుంది. దూరం నుంచి పదునుగా ఉన్నట్టే కనిపిస్తుంది, దగ్గరికెళితే అది మోనే చేతి గీత కాదు. ఫోటోషాప్‌లో సైజు పెంచే మామూలు పద్ధతి బైక్యూబిక్‌తో ఒకటిన్నర రెట్లు దాటకుండా పెంచండి. అదీ చాలకపోతే ప్రింట్ సైజే తగ్గించండి.

తెర, రంగు

"తెర మీద బాగుంది, ప్రింట్ నల్లగా వచ్చింది" అనే ఫిర్యాదులో ఎక్కువసార్లు తప్పు ప్రింటర్‌ది కాదు, తెర మరీ వెలుగుగా ఉండడం. కాలిబ్రేటర్‌తో (తెర వెలుగుని, రంగుని కొలిచి సరిచేసే పరికరం) వెలుగుని చదరపు మీటరుకి 80–100 క్యాండెలాలకి (వెలుగు కొలత), గామాని (నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు ఎలా పెరుగుతాయో చెప్పే అంకె) 2.2కి పెట్టండి. కొత్త మానిటర్లు చాలావరకు దీనికి రెండింతలకి పైగా వెలుగుతో వస్తాయి. ఆ వెలుగులో బండల నీడలన్నీ తేటగా కనబడతాయి, కాగితానికి అంత వెలుగు ఎక్కడిది?

తర్వాత ఈ వరసలో వెళ్ళండి. ఫైలుకి రంగు ప్రొఫైల్ (దాని అంకెలు ఏ రంగులో చెప్పే చీటీ) లేకపోతే మామూలు ప్రొఫైల్ ఎస్‌ఆర్‌జీబీని అసైన్ చేయండి, అంటే అంకెలు మార్చకుండా చీటీ మాత్రం తగిలించండి, అంకెల్ని మార్చే కన్వర్ట్ కాదు. 16 బిట్‌కి మార్చండి. వాడబోయే కాగితం, ప్రింటర్ జంటకి సరిపడే ఐసీసీ ప్రొఫైల్‌ని (ఆ జంట రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలు) కాగితం కంపెనీ సైట్ నుంచి దించుకుని సాఫ్ట్ ప్రూఫ్ వేయండి, అంటే ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే చూడండి. కాగితానికి అందని రంగుల్ని సర్దే పద్ధతుల్లో రెలెటివ్ కలరిమెట్రిక్ ఎంచుకోండి, నలుపుని కాగితం నలుపుకి సరిపెట్టే బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ ఆన్‌లో ఉండాలి. ఇంకో పద్ధతి పర్సెప్చువల్‌తోనూ ఒకసారి చూడండి. ముదురు నీలాలు ఊదా వైపు జారుతున్నట్టు అనిపిస్తే వెనక్కి వచ్చేయండి.

ఇప్పుడు ఐడ్రాపర్‌ని (రంగు అంకెలు చూపే పనిముట్టు) పెద్ద బండ అడుగున, నీళ్ళు తాకే చోట పెట్టండి. అక్కడ ఎరుపు, పచ్చ, నీలం అంకెలు (0 నలుపు, 255 తెలుపు) 20 లోపుంటే మ్యాట్, అంటే మెరుపు లేని కాగితం మీద ఆ భాగం ముద్దవుతుంది. వెలుగునీడల్ని దిద్దే గీత కర్వ్స్‌లో 20 దగ్గర బిందువు పెట్టి 27కి లేపండి. 80 దగ్గర ఇంకో బిందువు పెట్టి దాన్ని కదలనివ్వకండి. నీడ ఒక్కటే విప్పుకుంటుంది, సముద్రం తేలిపోదు. రంగు గాఢత పెంచే శాచురేషన్ స్లైడర్ జోలికి పోవద్దు. అది పచ్చ గీతల్ని నియాన్ చేస్తుంది, బండ నీడని అలాగే వదిలేస్తుంది.

రెండో చోటు నురుగు. దగ్గరగా చూస్తే మోనే నురుగు తెల్లగా ఉండదు, అందులో లేత గులాబీ, లేత నీలం, కాస్త పసుపు కలిసుంటాయి. అంకెలు మూడూ 255 తాకాయంటే అక్కడ ఇంకు పడదు, ఉత్త కాగితమే కనిపిస్తుంది. బారైటా (కాస్త మెరుపుండే ఫోటో కాగితం) మీద ఆ చోటు పక్కనుంచి చూస్తే చిల్లులా మెరుస్తుంది. అన్నింటికంటే తెల్లని గీతని కూడా 245 దాటనివ్వకండి.

కాగితం, ఇంకు

ఈ చిత్రాలకి కాగితం ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. హానెమ్యూలె ఫోటో ర్యాగ్ 308 లాంటి నూలు మ్యాట్ కాగితాలు చేతికి బావుంటాయి, మెరుపు ఉండదు, వాటర్ కలర్లకి వాటిని మించినవి లేవు. కానీ వాటి నలుపు సాంద్రత (ఎంత ముదురో చెప్పే కొలత, ఎక్కువైతే ముదురు) 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. బారైటా, దానిలాగే మెరిసే ప్లాటిన్ రకాలది 2.2 దాటుతుంది. మొదటిదాంట్లో బొగ్గుతో రాసిన నలుపు, రెండోదాంట్లో తడిసిన బండ నలుపు. బెల్ ఈల్ చిత్రాలకి మా ఓటు రెండోదానికే: హానెమ్యూలె ఫోటో ర్యాగ్ బారైటా 315, లేదా కాన్సన్ ప్లాటిన్ ఫైబర్ ర్యాగ్ 310. అసలు తైలవర్ణమే కాబట్టి కాస్త మెరుపున్నా అతకనట్టు ఉండదు. గదిలో కిటికీకి ఎదురుగోడ తప్ప వేరే చోటు లేకపోతే మాత్రం మ్యాట్ తీసుకుని, పైన చెప్పిన కర్వ్‌ని ఇంకొంచెం లేపుకోండి.

కాన్వాస్ మీద వేయిద్దామని చాలామంది అడుగుతారు. ఫోటోలోనే మోనే కాన్వాసు నేత కనిపిస్తుంది. దాని కింద ఇంకో నేత వస్తే రెండూ కలిసి గజిబిజి అవుతాయి. పైగా చెక్కకి చుట్టడానికి చుట్టూ 4–5 సెం.మీ. కావాలి, దాన్ని చిత్రం లోంచి కోస్తే బండ మొనలు పక్కకి తిరిగిపోతాయి.

ఇంకు పిగ్మెంట్ (రంగు పొడి రేణువులున్న ఇంకు) అయి తీరాలి. రంగు కరిగి ఉండే డై ఇంకు ప్రింట్లు వెలుగుకి త్వరగా వెలుస్తాయి. నల్ల ఇంకుల్లో బారైటాకి ఫోటో బ్లాక్, నూలు మ్యాట్‌కి మ్యాట్ బ్లాక్ వాడాలి. డ్రైవర్‌లో (ప్రింటర్ సాఫ్ట్‌వేర్) మీడియా టైపు, అంటే కాగితం రకం సరిగ్గా ఎంచుకుంటే ప్రింటరే మార్చుకుంటుంది, ఎంచుకోకపోతే ఈ రెండింట్లో ఒకటి జరుగుతుంది: మ్యాట్ కాగితం మీద ఫోటో బ్లాక్ పడితే నలుపు బూడిదలా తేలుతుంది, బారైటా మీద మ్యాట్ బ్లాక్ పడితే వేలితో రాస్తే మసిలా ఊడొస్తుంది.

బండలన్నీ ఎర్రబారి వస్తే ఫైలు మీద చేయి వేయకండి, డ్రైవర్ చూడండి. ఫోటోషాప్‌లోనూ ప్రింటర్‌లోనూ రెండుచోట్లా రంగు నిర్వహణ ఆన్‌లో ఉంటే వచ్చే తెగులు అది. ఒక్కచోటే ఉండాలి, ఫోటోషాప్‌లో ఉంచి డ్రైవర్‌లో ఆపేయండి.

ల్యాబ్‌లో తీయిస్తుంటే చదరపు అడుగు రేటు కంటే ముందు మూడు విషయాలు అడగండి: ఇంకు పిగ్మెంటేనా, కాగితం పూర్తి పేరేంటి, ఆటో కరెక్షన్ (మెషీన్ తనంతట తానే రంగు దిద్దడం) ఆపేస్తారా. మూడోదానికి "మేం చూసుకుంటాంలెండి" అన్నారంటే మీ చీకటి బండలు పొద్దుటి ఎండలో ఉన్నట్టు వస్తాయి. ఫ్లెక్సులు కొట్టే షాపు ఈ పనికి పనికిరాదు, ఆ మెషీన్లు వీధి చివరి నుంచి చూసే బొమ్మల కోసం.

ముక్క ప్రింట్

పూర్తి షీటు తీయకముందు 10 × 20 సెం.మీ. ముక్క తీయండి. చిత్రాన్ని కుదించి కాదు, అసలు ప్రింట్ సైజులోంచే ఒక పట్టీ కోసి. బండ అడుగు, నురుగు, మధ్య సముద్రం మూడూ అందులో పడాలి. కర్వ్ లేకుండా ఒకటి, 27కి లేపింది ఒకటి, 33కి లేపింది ఒకటి, మూడు పట్టీలు ఒకే కాగితం మీద వేసి వెనక పెన్సిల్‌తో రాసుకోండి. వెంటనే తీర్పు చెప్పకుండా గంటసేపు ఆరనివ్వండి. పగలు పదింటికి కిటికీ దగ్గర, రాత్రి అది వేలాడబోయే గది లైటు కింద, రెండుసార్లు చూడండి. చవక ఎల్‌ఈడీ కింద ఊదాలు గోధుమరంగు తిరిగితే ప్రింట్ మార్చకుండా బల్బు మార్చండి, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన ఉన్నది.

ఫ్రేమ్

తీసిన ప్రింట్‌ని 24 గంటలు విప్పి ఉంచాకే అద్దం కిందికి పంపండి. ఇంకులోని ద్రావకాలు పూర్తిగా పోకపోతే వారంలో అద్దం లోపల పొగమంచులా పడుతుంది. వానాకాలంలో రెండు రోజులు ఆగినా నష్టం లేదు.

ఫ్రేమ్ షాపులో ఎక్కువగా జరిగే తప్పు ప్రింట్ వెనక నలువైపులా డబుల్ సైడ్ టేపో, ఫెవికాలో పూయడం. నూలు కాగితం చెమ్మకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. కదలడానికి చోటు లేకపోతే మధ్యలో అలలు లేస్తాయి. విశాఖ, కాకినాడ ఇళ్ళలో ఒక్క వానాకాలం చాలు. పై అంచున మాత్రమే, రెండుచోట్ల, జపనీస్ టిష్యూ పట్టీలని గోధుమ గంజితో అంటించి వేలాడదీయమనండి. యాసిడ్ లేని మౌంటు బోర్డు చుట్టూ 6 సెం.మీ. ఉండాలి, అద్దానికీ ప్రింట్‌కీ మధ్య ఖాళీ అదే ఇస్తుంది. వెనక ప్లైవుడ్‌ నేరుగా తగలకూడదు, మధ్యలో యాసిడ్ లేని అట్ట పెట్టాలి. ఫ్రేమ్ కింది మూలల్లో రెండు రబ్బరు బొడిపెలు అంటిస్తే గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలాడుతుంది, గోడ చెమ్మ పాకదు, వెండిపురుగులు గూడు కట్టవు. వాన కొట్టే బయటి గోడకి మాత్రం అసలు తగిలించవద్దు.

వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాయండి: క్లాడ్ మోనే, బెల్ ఈల్, 1886, ప్రతి. దాని కింద కాగితం, ఇంకు, ప్రింట్ తీసిన నెల, ఏడాది, ఏ కర్వ్ వాడారో. రెండో ప్రింట్ అడిగినప్పుడు మళ్ళీ పట్టీలు తీసే పని తప్పుతుంది.