క్వారీ గుంతలో చేపల పంజరం వేసే ముందు

కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీ గుంతలకు చెరువులా ఏటవాలు గట్టు ఉండదు, అంచు దాటితే నిలువు లోతే. ఈత వచ్చినా సరే, లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దు. మీటరుకో ముడి వేసిన తాడుకు కిలో రాయి కట్టి నాలుగైదు చోట్ల వదలండి. రాయి అడుగు తాకగానే తాడు వదులవుతుంది, ముడులు లెక్కపెట్టండి. పంజరం అంటే చేపలు పెంచే తేలే వలగూడు, దాని వల అడుగు కింద కనీసం 3 మీటర్ల నీళ్లుండాలి.

పైనీళ్లు తేటగా ఉన్నాయని నమ్మొద్దు. బరువు కట్టిన సీసా బిరడాకు వేరే దారం కట్టి, 1, 5, 10 మీటర్ల దగ్గర లాగి నీళ్లు పట్టండి. పంజరం లోతు వరకూ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 6.5–8.5, ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైన ఉండాలి. వేసవిలో అడుగున ఆక్సిజన్ అడుగంటుతుంది. పెద్ద వానకు పైనీళ్లు చల్లబడి కిందికి దిగితే ఆ చెడ్డనీరు పైకొస్తుంది, తెల్లారేసరికి చేపలు తేలతాయి. మబ్బు రోజున మేత ఆపండి. ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) పైపొరలోనే తిప్పండి, అడుగు కెలకొద్దు.