డెస్క్‌టాప్ మార్చాక ఉబుంటు మొరాయిస్తే

2017 అక్టోబరులో వచ్చిన 17.10 వెర్షన్ నుంచి ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌తో పాటు వచ్చే డెస్క్‌టాప్, అంటే మెనూలు, విండోలు చూపించే తెర, గ్నోమ్. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌కి అది బరువే. అందుకే చాలామంది దాని పక్కనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్ వేసుకుంటారు. అక్కడి నుంచి మొదలవుతాయి తిప్పలు.

ఏం పాడైనా ముందు ఒక పరీక్ష. కొత్త యూజర్‌ని తయారు చేసి, ఆ పేరుతో లాగిన్ అవ్వండి. అక్కడ అంతా బాగుంటే సిస్టమ్‌కి ఏమీ కాలేదు, తేడా మీ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న సెట్టింగుల ఫైళ్ళలో ఉంది. ఈ సంగతి తెలియక నేను మొదట్లో రెండుసార్లు ఉబుంటు మొత్తం తుడిచి మళ్ళీ ఎక్కించాను.

ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను, కానీ గ్నోమే వస్తోంది

కొత్త డెస్క్‌టాప్ వేస్తే పాతది పోదు, ఎంచుకోవడానికి ఇంకొకటి చేరుతుందంతే. లాగిన్ తెర మీద మీ పేరు నొక్కాక, పాస్‌వర్డ్ అడిగేచోట కుడివైపు కింద పళ్ళచక్రం గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కి ఎక్స్‌ఎఫ్‌సీఈని ఎంచుకోండి. పేరు నొక్కకముందు వెతికితే దొరకదు. ఆటోమేటిక్ లాగిన్ పెట్టుకున్నవాళ్ళకు ఈ తెరే రాదు, ఒకసారి లాగౌట్ అవ్వాలి.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా మళ్ళీ లాగిన్ తెరకే వస్తోంది

అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. పాస్‌వర్డ్ తప్పయితే తప్పని చెబుతుంది. చెప్పకుండా తెర ఒకసారి నల్లబడి వెనక్కి వచ్చిందంటే, సెషన్, అంటే మీ డెస్క్‌టాప్, మొదలై వెంటనే కూలిందన్నమాట.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్లటి టెర్మినల్ వస్తుంది. అందులో లాగిన్ అయి, ముందు డిస్క్ నిండిందేమో డీఎఫ్ కమాండుతో చూడండి. డెస్క్‌టాప్ మొదలయ్యేటప్పుడు చిన్నచిన్న ఫైళ్ళు రాసుకోవాలి, చోటు లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ప్రోగ్రాములు ఎక్కించే ఆప్ట్ దాచుకున్న పాత ప్యాకేజీలను ఆప్ట్ క్లీన్‌తో తుడిస్తే కొంత ఊపిరి ఆడుతుంది.

చోటుంటే, హోమ్‌లో డాట్ ఎక్స్‌అథారిటీ అనే ఫైల్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఎవరో చెప్పారని ఎప్పుడో సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టే స్టార్ట్‌ఎక్స్ కమాండు నడిపి ఉంటే ఆ ఫైల్ రూట్ (అడ్మిన్) పేరు మీదికి వెళ్ళిపోతుంది. లాగిన్ తెర చూపించేది లైట్‌డీఎమ్ అనే ప్రోగ్రామ్ అయితే, మీ హోమ్‌లోని ఫైలే అయినా రాసే హక్కు మీకు లేక సెషన్ ఆగిపోతుంది. ఆ ఫైల్ పేరు మార్చేయండి చాలు, తర్వాతి లాగిన్‌లో కొత్తది తయారవుతుంది.

తెలుగు టైపింగ్ పోయింది

మనవాళ్ళకు ఎక్కువగా తగిలే దెబ్బ. గ్నోమ్‌లో పెట్టుకున్న కీబోర్డుల జాబితా గ్నోమ్ సెట్టింగుల్లోనే ఉంటుంది, ఎక్స్‌ఎఫ్‌సీఈ దాన్ని చదవదు. వేరే భాషల్లో టైప్ చేయించే ఐబస్ అనే ప్రోగ్రామ్ కూడా తనంతట తాను మొదలు కాకపోవచ్చు. లాంగ్వేజ్ సపోర్ట్‌లో ఇన్‌పుట్ మెథడ్‌గా ఐబస్‌ను ఎంచుకుని, లాగౌట్ అయి వచ్చి, ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగును మళ్ళీ చేర్చాలి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో కొట్టేవాళ్ళకు ఇదే దారి. తెలుగు అక్షరాలకు నేరుగా మీటలుండే ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే వాడేవాళ్ళకు ఐబస్సే అక్కర్లేదు. కీబోర్డ్ సెట్టింగుల లేఅవుట్ ట్యాబ్‌లో సిస్టమ్ డిఫాల్ట్ టిక్ తీసి, తెలుగు చేర్చుకుంటే సరిపోతుంది.

ప్యానెల్ మాయమైంది

మెనూ, గడియారం ఉండే పట్టీయే ప్యానెల్. ఆల్ట్, ఎఫ్2 నొక్కి ఎక్స్‌ఎఫ్‌సీఈ4-ప్యానెల్ అని కొడితే తిరిగొస్తుంది. ప్రతి లాగిన్‌కీ పోతుంటే, ప్యానెల్ లేని స్థితినే సెషన్‌గా దాచుకుని ఉంటుంది. హోమ్‌లోని డాట్ క్యాష్ లోపల సెషన్స్ ఫోల్డర్ ఖాళీ చేసి, లాగౌట్ అయ్యేటప్పుడు సెషన్ సేవ్ చేయాలా అనే టిక్ తీసేయండి.

ఎక్స్‌ఎఫ్‌సీఈ వద్దనుకుని తీసేశాను, సామాను మాత్రం పోలేదు

ఎక్స్‌ఎఫ్‌సీఈ కోసం మీరు జుబుంటు-డెస్క్‌టాప్ వేసి ఉంటే, అది ఒట్టి జాబితా లాంటి ప్యాకేజీ. దాన్ని తీసేస్తే జాబితా పోతుంది, అది తెచ్చిన ప్రోగ్రాములు ఉండిపోతాయి. ఎక్కించేటప్పుడే దాని బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ4 ప్యాకేజీ ఒక్కటే వేసుంటే ఇంత చెత్త చేరేది కాదు. ఇప్పుడు అక్కర్లేని ప్యాకేజీలను తీసేసే ఆప్ట్ ఆటోరిమూవ్ నడపవచ్చు, కానీ అది చూపించే పేర్లన్నీ చదివాకే వై నొక్కండి. అందులో లాగిన్ తెర చూపించే జీడీఎమ్3 గానీ నెట్‌వర్క్ మేనేజర్ గానీ కనబడితే ఎన్ నొక్కి బయటికి వచ్చేయండి. నెట్ పోతే, పోయినదాన్ని మళ్ళీ దించుకోవడానికి కూడా దారి ఉండదు.